వినపడుతోంది సరే... అర్థమవుతోందా?

మూడేళ్ల కిందట మా ఆస్పత్రి ఓపీలో జరిగిన సంగతి ఇది. ఇందులో తప్పు నాది కూడా కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకరు షుగర్ చూపించుకోవడానికి వచ్చారు. వెంట ఎవరూ లేరు. బయట వంద మందికి పైగా క్యూలో ఉన్నారు. పాత మందుతో షుగర్ అదుపులోకి రావడం లేదని కొత్త మాత్ర రాసి, ‘రోజుకొకటి, పొద్దున టిఫిన్‌కి ముందు’ అని చెప్పాను. ఆయన నవ్వుతూ తల ఊపి, ‘అలాగే డాక్టర్ గారూ’ అన్నారు. నేను తర్వాతి చీటీ అందుకున్నాను.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున కొడుకు ఆయన్ని ఆటోలో ఎమర్జెన్సీకి తీసుకొచ్చాడు. ఒళ్లంతా చెమటలు. మాట తడబడుతోంది. మనిషిని గుర్తుపట్టడం లేదు. షుగర్ చూస్తే 41. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాం, తేరుకున్నారు. మళ్లీ పడిపోతుందేమోనన్న భయంతో రెండు రోజులు వార్డులోనే ఉంచాం. ‘మాత్ర ఎలా వేసుకుంటున్నారు మాస్టారూ?’ అని అడిగితే, ‘మీరు చెప్పినట్టే. పూటకొకటి’ అన్నారు.

రోజుకొకటి. పూటకొకటి. ఒకసారి పైకి అని చూడండి. రెండు మాటల తూగూ ఒకటే. చివరి మూడక్షరాలూ ఒకటే. తేడా మొదటి రెండక్షరాల్లోనే ఉంది. ఆ రెండక్షరాలే ఆయన చెవికి అందలేదు.

చిత్రమేమిటంటే, ఆ రోజు ఆయన చెవికి మిషన్ ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని నాలుగేళ్ల ముందే కొన్నారు. కోడలు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. ‘మామయ్యగారికి బాగానే వినపడుతుందండీ. కుక్కర్ విజిల్ వేస్తే చెబుతారు, వెనక నుంచి పిలిస్తే తిరిగి చూస్తారు. మనం చెప్పేదే ఒక్కోసారి పట్టించుకోరు.’

ఆవిడ అబద్ధం చెప్పలేదు. మాస్టారికి నిజంగానే వినపడుతోంది. అర్థం కావడం లేదు, అంతే. మన ఇళ్లలో పెద్దవాళ్ల వినికిడి గురించి మనం అడగాల్సిన ప్రశ్న ‘వినపడుతోందా?’ అన్నది కాదు. ‘మాట అర్థమవుతోందా?’ అన్నది. ఈ రెండో ప్రశ్న అడగకపోవడం వల్లే ఎంతోమంది, తమకు సరిపోని మిషన్‌తో, సరైన వైద్యం ఒకటుందని కూడా తెలియకుండా, తల ఊపుతూ బతికేస్తున్నారు. ఆ వైద్యం పేరు కాక్లియర్ ఇంప్లాంట్. అది చిన్నపిల్లలకు మాత్రమే అనుకుంటున్నారా? కాదు.

శబ్దం వేరు, మాట వేరు

మన లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన చిన్న అవయవం ఉంటుంది. అదే కాక్లియా. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. గాలిలో వచ్చిన ధ్వనిని నాడికి అర్థమయ్యే విద్యుత్ సంకేతంగా మార్చేవి ఇవే. వయసు, ఏళ్ల తరబడి భారీ శబ్దాల మధ్య పని, వంశపారంపర్యం, మెదడు పొరలకు వాపు తెచ్చే మెనింజైటిస్, కొన్ని మందులు, ఇలా కారణమేదైనా ఒకసారి చనిపోయిన రోమకణం మనుషుల్లో మళ్లీ పుట్టదు. షుగర్ ఉన్నవాళ్లలో వినికిడి లోపం మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ కణాలు అన్నీ ఒకేసారి పోవు. చాలామందిలో నత్తగుల్ల మొదట్లో, అంటే సన్నని, హెచ్చు శ్రుతి ధ్వనులను పట్టుకునే చోట ముందుగా దెబ్బతింటాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది. మన మాటలో అచ్చులకు బలం ఎక్కువ, అవి కింది శ్రుతిలో ఉంటాయి. క, చ, ట, త, ప, స, శ లాంటి హల్లులు బలహీనం. వాటిని గుర్తుపట్టే ఆనవాళ్లు చాలావరకు పై శ్రుతిలో ఉంటాయి. మాటకు గట్టితనం ఇచ్చేది అచ్చు, అర్థం ఇచ్చేది హల్లు. హల్లు జారిపోతే పప్పు, తప్పు, కప్పు ఒకేలా వినిపిస్తాయి. పాలు, కాలు, చాలు ఒకేలా వినిపిస్తాయి.

అందుకే పప్పు తెమ్మంటే కప్పు తెస్తారు. మనం నవ్వుతాం. మన సినిమాల్లో, నాటకాల్లో చెవిటి పాత్ర వచ్చిందంటే నవ్వించడానికే. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అనే సామెత కూడా ఆ వేళాకోళంలోదే. అలా రెండు మూడుసార్లు నవ్వులపాలైన మనిషి నాలుగోసారి అడగడు. తల ఊపుతాడు. మా ఓపీలో మాస్టారు చేసిందీ అదే.

అరిస్తే ఏమవుతుంది?

రేడియోలో స్టేషన్ సరిగ్గా కలవనప్పుడు వాల్యూమ్ పెంచితే ఏమవుతుంది? బరబర పెరుగుతుంది గానీ వార్తలు స్పష్టంగా రావు. హియరింగ్ ఎయిడ్ ప్రధానంగా చేసే పని శబ్దాన్ని పెంచడం. రోమకణాలు తగినన్ని మిగిలి ఉన్నంతవరకు అది అద్భుతంగా పనిచేస్తుంది. వినికిడి లోపం ఉన్నవారిలో ఎక్కువమందికి కావాల్సింది అదే. సరిగ్గా అమర్చిన మిషన్‌ను రెండు చెవులకూ రోజంతా పెట్టుకుంటే చాలు.

అయితే కణాలు బాగా తగ్గిపోయిన చెవికి ఎంత గట్టి శబ్దం పంపినా దాన్ని మాటగా మార్చే యంత్రాంగం ఉండదు. అప్పుడు మనిషి ‘వినపడుతోంది గానీ తెలియడం లేదు’ అంటాడు. ‘అరవకు, మెల్లగా చెప్పు’ అని విసుక్కుంటాడు. టీవీ సౌండ్ ఎంత పెంచినా సీరియల్లో ఏం జరుగుతోందో మనల్నే అడుగుతాడు. ఎదురుగా కూర్చుంటే మాట్లాడగలడు, ఫోన్‌లో మాట్లాడలేడు. ఎందుకంటే ఎదురుగా ఉన్నప్పుడు తనకు తెలియకుండానే మన పెదవులు చదువుతుంటాడు. మిషన్ పెట్టుకున్నా ఫోన్‌లో మాట అర్థం కావడం లేదంటే, ఇంకా ఖరీదైన మిషన్ కొనే ముందు మాట పరీక్ష చేయించాలి.

మా మాస్టారికి ఈఎన్‌టీ విభాగంలో ఆ పరీక్ష చేయించాం. తగినంత బిగ్గరగా వినిపించిన ఇరవై ఐదు తెలుగు మాటల్లో ఆయన సరిగ్గా తిరిగి చెప్పినవి నాలుగు. ఆ నాలుగేళ్లలో ఎవరూ ఆ పరీక్ష చేయలేదు. నేనూ చేయించలేదు.

పెద్దవాళ్ల కోసమే పుట్టిన పరికరం

కాక్లియర్ ఇంప్లాంట్ శబ్దాన్ని పెంచదు. పనిచేయని రోమకణాలను దాటి నేరుగా శ్రవణ నాడిని తట్టి లేపుతుంది. దీనికి రెండు భాగాలుంటాయి. బయటి భాగంలో మైకు, ధ్వనిని విడమరిచే చిన్న కంప్యూటర్ లాంటి ప్రాసెసర్, అయస్కాంతంతో తలకు అంటుకునే చిన్న చుట్ట ఉంటాయి. లోపలి భాగాన్ని చెవి వెనక చర్మం కింద అమర్చుతారు. అక్కడి నుంచి సన్నని ఎలక్ట్రోడ్ల తీగ నత్తగుల్లలోకి వెళ్తుంది. ప్రాసెసర్ ధ్వనిని శ్రుతుల వారీగా విడగొట్టి, ఏ శ్రుతిని ఆ చోటున్న ఎలక్ట్రోడ్‌కు పంపుతుంది. మిగతాది నాడి, మెదడు చూసుకుంటాయి.

మన రాష్ట్రాల్లో ఈ మాట ఎక్కువమందికి తెలిసింది ఆరోగ్యశ్రీ కింద చిన్నపిల్లలకు చేసిన ఆపరేషన్ల వల్ల. అందుకే ‘అది పుట్టు చెవిటి పిల్లలకు కదా’ అంటారు. నిజానికి ఈ పరికరం మొదట వచ్చింది పెద్దల కోసం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్రొఫెసర్ గ్రేమ్ క్లార్క్ బృందం 1978లో తమ తొలి బహుళ ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్‌ను అమర్చింది ప్రమాదంలో వినికిడి పోగొట్టుకున్న ఒక పెద్దమనిషికి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1984లో పెద్దల కోసమే మొదటి అనుమతి ఇచ్చింది. పిల్లలకు ఇచ్చింది 1990లో. 2013లో గ్రేమ్ క్లార్క్, ఇంగెబోర్గ్ హాక్‌మైర్, బ్లేక్ విల్సన్‌లకు ఈ కృషికి ప్రతిష్ఠాత్మకమైన లాస్కర్ పురస్కారం వచ్చింది.

క్లార్క్ తండ్రి ఒక చిన్న ఊళ్లో మందుల షాపు నడిపేవారు. ఆయనకు వినికిడి లోపం. కౌంటర్ అవతలివాళ్లు ఏ మందు అడుగుతున్నారో తండ్రికి సరిగ్గా వినపడక పడిన ఇబ్బందిని చూస్తూ ఆ కొడుకు పెరిగాడు. మా మాస్టారి మాత్ర సంగతి తర్వాత ఆ విషయం నాకు పదేపదే గుర్తొస్తుంటుంది.

ఎవరికి? ఎప్పుడు?

అందరికీ కాదు. చెవిలో గుబిలి పేరుకుపోవడం వల్లో, చెవి పొరకు రంధ్రం పడటం వల్లో వినపడకపోతే దానికి వైద్యం వేరు. మా దగ్గరికి ‘ఆపరేషన్ చేస్తారటగా’ అని వచ్చిన ఒకాయనకు గుబిలి తీయగానే సమస్య తీరిపోయింది. తక్కువ, మధ్యస్థ లోపాలకు మిషన్ చాలు.

ఇంప్లాంట్ నిపుణుల దగ్గరికి ఎవరిని పంపాలో వైద్యులు తేలిగ్గా గుర్తుంచుకోవడానికి ‘60/60’ అనే సూత్రం ఒకటి ఉంది. రెండు చెవుల్లో మెరుగైన చెవిలో సగటు వినికిడి నష్టం 60 డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ ఉండి, బిగ్గరగా వినిపించిన విడి మాటల్లో 60 శాతం లేదా అంతకంటే తక్కువ మాత్రమే సరిగ్గా తిరిగి చెప్పగలిగితే, ఆ మనిషిని ఒకసారి ఇంప్లాంట్ కేంద్రంలో చూపించాలి. అంటే ఆపరేషన్ ఖాయమని కాదు. అక్కడ మంచి మిషన్ పెట్టి మళ్లీ పరీక్షిస్తారు. స్కానింగ్ చేసి నత్తగుల్ల, నాడి ఎలా ఉన్నాయో చూస్తారు. ఆ తర్వాతే నిర్ణయం.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఆడియోగ్రామ్ అనే గీతల కాగితం ‘పీప్’ శబ్దాలు ఎంత గట్టిగా ఉంటే వినపడతాయో చెబుతుంది. మాట అర్థమవుతోందో లేదో చెప్పదు. అందుకు స్పీచ్ ఆడియోమెట్రీ చేయాలి. అదీ రోగి మాతృభాషలో చేయాలి. తెలుగు మాటల జాబితాలు ఉన్నాయి. రిపోర్టులో ఆ స్కోరు లేకపోతే ‘మాట పరీక్ష కూడా చేయండి’ అని మీరే అడగండి.

వయసు అడ్డంకి కాదు. మత్తుమందుకు గుండె, ఊపిరితిత్తులు తట్టుకోగలిగితే డెబ్భై, ఎనభై ఏళ్లు దాటినవారికి కూడా చేస్తున్నారు. షుగర్, బీపీ ఉన్నా అదుపులో ఉంటే ఇబ్బంది లేదు. నిజమైన అడ్డంకి ఆలస్యం. మాట విని, మాట్లాడి పెరిగిన మనిషికి మెదడులో భాష ఉంటుంది. చెవి మూగబోయిన తర్వాత ఎన్నేళ్లు ఆ దారి వాడకుండా వదిలేస్తే అంత కష్టం. ముప్ఫై ఏళ్ల కిందట వినికిడి పూర్తిగా పోయిన ఒకావిడకు ఇంప్లాంట్ అమర్చిన సందర్భం నాకు తెలుసు. ఆమెకు ఇప్పుడు డోర్ బెల్, కుక్కర్ విజిల్, రోడ్డు మీద హారన్ వినపడతాయి. మాట అర్థం కావాలంటే మాత్రం ఎదురుగా పెదవులు కనపడాలి. దానికే ఆమె సంతోషించింది. కానీ ఇరవై ఏళ్ల ముందు వచ్చి ఉంటే ఇంకా ఎంతో మేలు జరిగి ఉండేదేమో.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వినపడకుండా పోతే ‘జలుబు చేసిందేమో’ అని వారం ఆగకండి. అది ఎమర్జెన్సీ. అదే రోజు ఈఎన్‌టీ డాక్టరును కలవండి. స్టిరాయిడ్ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

ఆపరేషన్ అయ్యాకే అసలు పని

ఆపరేషన్ సాధారణంగా రెండు మూడు గంటలు పడుతుంది. కొద్ది రోజుల్లో ఇంటికి పంపిస్తారు. ముందుగా మెనింజైటిస్ రాకుండా న్యూమోకోకల్ టీకా వేస్తారు. ఏ ఆపరేషన్‌కైనా ఉన్నట్టే దీనికీ ముప్పులున్నాయి. కొన్నాళ్లు కళ్లు తిరగడం, నాలుక రుచి మారడం, ఇన్‌ఫెక్షన్, చాలా అరుదుగా ముఖం నరానికి దెబ్బ. ఆ చెవిలో మిగిలి ఉన్న కొద్దిపాటి సహజ వినికిడి కూడా పోవచ్చు. ఇవన్నీ సర్జన్‌ను ముందే అడిగి తెలుసుకోవాలి. తర్వాత ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సి వస్తే, ఇంకే ఆపరేషన్ అయినా చేయాల్సి వస్తే, తలలో ఇంప్లాంట్ ఉందని, దాని కార్డు ఇదని తప్పకుండా చూపించాలి.

పుండు మానాక, సుమారు మూడు నాలుగు వారాలకు పరికరాన్ని ఆన్ చేస్తారు. చాలా కుటుంబాలు నిరాశపడేది ఆ రోజే. స్విచ్ వేయగానే ‘నాన్నా’ అన్న పిలుపు స్పష్టంగా వినపడుతుందనుకుంటారు. ఇంటర్నెట్‌లో అలాంటి వీడియోలు చూసి ఉంటారు. మా మాస్టారు ఆ రోజు అన్నదేమిటో తెలుసా? ‘రేకుల షెడ్డు మీద గులకరాళ్లు పోసినట్టుంది.’ రెండో వారం ఇంట్లో గొడవ. ‘ఇంత డబ్బు పోసి ఈ గోల తెచ్చుకున్నాను’ అని ప్రాసెసర్ తీసి బీరువాలో పెట్టేశారు.

అది పరికరం లోపం కాదు. వేల రోమకణాలు చేసిన పనిని ఇప్పుడు ఇరవై దాకా ఎలక్ట్రోడ్లు చేస్తున్నాయి. మెదడుకు ఇది కొత్త లిపి లాంటిది. పాత భాషనే కొత్త అక్షరాల్లో చదవడం నేర్చుకోవాలి. దానికి రెండు కావాలి. ఒకటి, ఆడియాలజిస్టు దగ్గర ‘మ్యాపింగ్’, అంటే ఏ ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటు సరిపోతుందో పలుమార్లు సరిచేయించుకోవడం. రెండు, ఇంట్లో రోజూ సాధన. నిద్రపోయే వేళ, స్నానం వేళ తప్ప పరికరాన్ని తీయకూడదు.

మాస్టారి విషయంలో గురువు స్థానంలో కూర్చున్నది తొమ్మిదో తరగతి చదివే మనవరాలు. రోజూ సాయంత్రం అరగంట తాతయ్యకు పేపర్ చదివి వినిపించేది. మొదట ఆయన అదే పేజీ చూస్తూ వేలితో అనుసరించేవారు. నెల తర్వాత పేపర్ పక్కన పెట్టి ఆమె ముఖం చూస్తూ విన్నారు. ఇంకో రెండు నెలలకు ఆమె పేపర్ అడ్డం పెట్టుకుని చదివింది. తర్వాత ఎక్కాలు తప్పు చెప్పడం మొదలుపెట్టింది. ‘పదమూడు ఏళ్లు తొంభై మూడు’ అంటే ఆయన ఊరుకోలేరు కదా! ‘తొంభై ఒకటే!’ అని కేకేసేవారట. స్పీచ్ థెరపిస్టు ఇచ్చిన అభ్యాసాలకు తోడు ఆ పిల్ల కనిపెట్టిన ఆట అది.

సాధారణంగా మెరుగుదల మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వేగంగా, ఏడాది వరకు నెమ్మదిగా సాగుతుంది. మాట నేర్చిన తర్వాత వినికిడి కోల్పోయిన పెద్దల్లో, ఆపరేషన్‌కు ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో పది మాటల్లో ఒకటి పట్టుకోవడమే గగనంగా ఉన్నవారు, తర్వాత సగటున సగానికి అటూ ఇటుగా విడి మాటల్ని పట్టుకోగలుగుతారు. వాక్యంలో సందర్భం తోడవుతుంది కాబట్టి మామూలు సంభాషణలో ఫలితం ఇంకా మెరుగ్గా ఉంటుంది. అయితే ఇది సగటు మాత్రమే. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ.

ఆశించకూడనివి కూడా చెప్పాలి. పెళ్లి భోజనాల హాల్లో, సన్నాయి, డప్పుల మధ్య మాట అర్థం చేసుకోవడం కష్టంగానే ఉంటుంది. సంగీతం చాలామందికి మునుపటిలా ఉండదు. ఘంటసాల గొంతు వినాలని ఎదురుచూసిన మనిషికి అది రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అనిపించవచ్చు. ముందే తెలిస్తే బాధ తగ్గుతుంది. రాత్రి ప్రాసెసర్ తీసేస్తే మళ్లీ నిశ్శబ్దమే.

‘ఈ వయసులో చెవికి అన్ని లక్షలా?’

మాస్టారి ఇంట్లో ఏడాది పాటు నలిగిన ప్రశ్న ఇది. ఒక చెవికి పరికరం, ఆపరేషన్ కలిపి ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. తర్వాత బ్యాటరీలు, కేబుళ్లు, కొన్నేళ్లకు కొత్త ప్రాసెసర్. ‘ఆ డబ్బు మనవరాలి చదువుకు ఉంచండి’ అని వద్దన్నది మాస్టారే. మన పెద్దవాళ్లు అలాగే అంటారు. మనం కూడా ‘నాన్నే వద్దన్నారు’ అని ఊరుకుంటాం. మోకాలి కీలు మార్పిడికి, కంటి శుక్లానికి ఈ మాట అనం. నడవలేకపోవడం మన కంటికి కనిపిస్తుంది. అర్థం కాకపోవడం కనిపించదు.

కనిపించని ఆ నష్టం మాటేమిటి? మందు మోతాదు తప్పు వినడం ఒక్కటే కాదు. ఫోన్ ఎత్తడం మానేస్తారు. చుట్టాలింటికి రానంటారు. నలుగురిలో ఉన్నా ఒంటరి అవుతారు. లాన్సెట్ కమిషన్ 2024 నివేదిక మతిమరుపు జబ్బు డిమెన్షియాకు తగ్గించుకోదగిన 14 ముప్పు కారణాలను చెప్పింది. వాటిలో వినికిడి లోపం ఒకటి. ఇంప్లాంట్ పెట్టుకుంటే డిమెన్షియా రాదని ఎవరైనా చెబితే నమ్మకండి, అంత రుజువు లేదు. కానీ వైద్యుడిగా నాకు రోజూ కనిపించేది ఇంకొకటుంది. జ్ఞాపకశక్తి పరీక్షలో మేం ప్రశ్నలు నోటితోనే అడుగుతాం. ప్రశ్నే సరిగ్గా వినపడని మనిషి తప్పు చెబితే ‘మతిమరుపు మొదలైంది’ అని రాసేస్తాం. ఇంట్లోనూ అంతే. ‘నాన్నకు ఏమీ గుర్తుండటం లేదు’ అంటారు. అసలు చెవికి చేరని మాట గుర్తెలా ఉంటుంది?

ప్రభుత్వ పథకాల్లో ఈ ఆపరేషన్ సాయం ప్రధానంగా పిల్లల కోసం ఉద్దేశించింది. అది సబబే. మాట నేర్చుకునే వయసు దాటిపోతే తిరిగి రాదు. ఆ సాయంలో ఒక్క రూపాయి తగ్గించమని నేను అడగను. కానీ అకస్మాత్తుగా రెండు చెవులూ పోయిన నలభై ఏళ్ల టీచరమ్మకు, బస్సు కండక్టరుకు, దుకాణదారుకు ఉద్యోగమే మాటతో నడుస్తుంది. వాళ్లకు ఏ దారీ చూపకపోవడం న్యాయం కాదు. సంపన్న దేశాల్లోనే ఇంప్లాంట్ అవసరమైన పెద్దల్లో పదో వంతుకు మించి అందడం లేదని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2050 నాటికి వినికిడి పునరావాస సేవలు అవసరమయ్యేవారు ప్రపంచంలో 70 కోట్ల మంది. కనీసం సంపాదించే వయసులో వినికిడి పూర్తిగా కోల్పోయినవారినైనా పథకాల పరిధిలోకి తేవాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఆడియాలజిస్టు ఉండాలి, తెలుగులో మాట పరీక్ష జరగాలి. ఇదేమీ లక్షల పని కాదు.

ఇప్పటికి మీరు చేయగలిగినవి ఉన్నాయి. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే కాక్లియర్ ఇంప్లాంట్ అందులో వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగి, పెన్షనరు అయితే మీ శాఖ వైద్య సదుపాయం నిబంధనలు చూడండి. లోపం తీవ్రంగా ఉంటే సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులున్నాయి. పరీక్షలకు అక్కడికి వెళ్లొచ్చు. ఇంప్లాంట్ కొనే ముందు గ్యారంటీ ఎన్నేళ్లు, సర్వీసు మీ ఊరికి ఎంత దూరంలో దొరుకుతుంది, విడిభాగాల ధరలెంత అని అడిగి తెలుసుకోండి. మ్యాపింగ్‌కు పదే పదే వెళ్లాలి కాబట్టి దూరం కూడా ఖర్చే.

ఇంప్లాంట్ కుదరని ఇళ్లలోనూ చేయాల్సింది చాలా ఉంది. వెనక నుంచి, పక్క గదిలోంచి పిలిచి మాట్లాడకండి. ఎదురుగా, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోండి. టీవీ, ఫ్యాన్ చప్పుడు తగ్గించండి. అరవొద్దు, కాస్త నిదానంగా చెప్పండి. అర్థం కాకపోతే అదే మాట మళ్లీ మళ్లీ అనకుండా వేరే మాటల్లో చెప్పండి. ‘ఏం లేదులే’ అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాట మాత్రం వాళ్లకు బాగా అర్థమవుతుంది. మాటను అక్షరాలుగా చూపించే ఉచిత యాప్‌లు ఫోన్లలో తెలుగులోనూ ఉన్నాయి. డాక్టరు దగ్గరికి ఒంటరిగా పంపకండి. మందు చీటీ మీద ఏ మాత్ర ఎన్నిసార్లో తెలుగులో రాయించుకోండి.

మా వైపు నుంచి కూడా ఒక మార్పు చేసుకున్నాను. ఆ ఘటన తర్వాత, పెద్దవయసు రోగి ఎవరైనా సరే, మందు చెప్పాక ‘ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఎలా వేసుకుంటారు?’ అని అడుగుతున్నాను. దానికి పట్టేది అర నిమిషం. బయట క్యూ వందైనా, రెండొందలైనా ఆ అర నిమిషం తగ్గించను.

పోయిన నెల మాస్టారు ఓపీకి వచ్చారు. ఈసారీ ఒక్కరే. ఆపరేషన్ అయి ఏడాది దాటింది. విజయవాడలో ఉన్న చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతున్నానని చెప్పారు. అన్నీ అర్థం కావట, మూడొంతులు అవుతాయట, మిగతాది ‘మళ్లీ చెప్పవే’ అంటారట. తల ఊపడం మానేశానన్నారు. నేను కావాలనే చీటీ చేతికివ్వకుండా, ముఖం పక్కకు తిప్పుకుని మందు చెప్పాను.

‘రోజుకొకటి, టిఫిన్‌కి ముందు’ అన్నారాయన. ఆగి, ‘పూటకొకటి కాదు’ అని నవ్వారు.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ ఒకసారి చూడండి. అమ్మకో, నాన్నకో, అత్తయ్యకో, మామయ్యకో ముందే చెప్పి, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో పది మాటలు ఒక్కొక్కటిగా అనండి. పప్పు, కప్పు, పాలు, చాలు... ఇలాంటివి. తిరిగి చెప్పమనండి. ఇది వైద్య పరీక్షకు బదులు కాదు. నాలుగైదు తప్పితే మాత్రం నవ్వకండి. సోమవారం ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి మీరే వెంట తీసుకెళ్లండి. వెళ్లి, ‘మాట పరీక్ష చేయండి’ అని అడగండి.